మేకుకు వేలాడిన టోపీ

ఆ పూతకాలంలో మా నాన్న రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. చాటుగా కాదు, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా. ఇల్లు అమ్మది. మా దీవిలో ఇల్లెప్పుడూ ఆడదానిదే. మగాడు పెళ్ళినాడు పెట్టె పట్టుకుని వచ్చి చేరతాడు, చెడితే అదే పెట్టె పట్టుకుని పోతాడు. అందుకే వీధిలో ఎవడి నెత్తినైనా పెట్టె కనబడితే మావాళ్ళు ముందు పెట్టె చూస్తారు, మొహం తర్వాత చూస్తారు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. వాకిట్లో కూర్చుని మొహానికి రాసుకోవడానికి గంధం అరగదీస్తున్నాను. నాన్న నా పక్కనుంచే నడిచాడు.

"నాన్నా, ఎక్కడికి?"

"నాయనమ్మ ఇంటికి" అన్నాడు, చిటికెడు ఉప్పు అడిగి తేవడానికి వెళ్తున్నట్టు.

లోపల అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కర్రపెండలం చెక్కు తీస్తోంది. కత్తి చప్పుడు మాత్రం ఆ రోజు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

గొడవ ఎందుకొచ్చిందో చెప్పాలి. నాన్న పేరు హుమాదీ. ఊళ్ళో ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరూ ఫుంది అంటారు. చేతిపనిలో ఆరితేరినవాణ్ణి మా దగ్గర అలాగే అంటారు. ఇలాంగు అనే సువాసన పువ్వు నుంచి అత్తరు నూనె దించడంలో ఆయన్ని కొట్టేవాడు చుట్టుపక్కల లేడు. వాగు పక్కన తాతనాటి బట్టీ. పెద్ద రాగి కాగులో పువ్వులూ నీళ్ళూ పోసి, మూత బిగించి, కింద ఇరవై గంటలు ఆగకుండా మంట పెట్టాలి. ఆవిరి గొట్టంలోంచి వెళ్ళి చల్లనీళ్ళ తొట్టిలో చుట్టలు చుట్టలుగా తిరిగి చల్లబడి, నీటి మీద నూనె తేలుతూ బొట్లు బొట్లుగా దిగుతుంది. ముందు దిగింది మేలిరకం. అది దేశాలు దాటిపోతుంది. మేం మాత్రం దాన్ని ఒంటికి రాసుకుని ఎరగం.

తీరం నుంచి సగం కొండ దాకా మాకు ఇలాంగు చెట్లే. వదిలేస్తే తాడిచెట్టంత ఎదిగే చెట్టు. ఆడవాళ్ళ చేతికి అందాలని లేతప్పుడే తల నరికి, కొమ్మలకు రాళ్ళు కట్టి కిందికి వంచుతారు. దూరం నుంచి చూస్తే కొండంతా జనం నమాజులో వంగి నిలబడినట్టు ఉంటుంది. ఆ పైన సగం కొండ బోడి. ఆ బోడి ఎవరి పనంటారా? బట్టీలది. మా బట్టీ కూడా తన వంతు తిన్నది.

మిగిలిందల్లా ఊట మీద ఏడు మామిళ్ళు. అవి అమ్మవి. వాళ్ళ అమ్మమ్మ నాటినవి, తల్లి చేతి మీదుగా అమ్మకి వచ్చాయి. ఆ వేళ్ళ కిందనుంచే ఊట పుడుతుంది, ఊళ్ళో సగం కుండలు అక్కడే నిండుతాయి. అందులోంచే ఒక గొట్టం నాన్న బట్టీ తొట్టికి పోతుంది.

ఆ ఏడాది వానలు రాలేదు. రావాల్సిన నెల వచ్చింది, వానలు రాలేదు. పువ్వు మాత్రం విరగబూసింది. బట్టీకి కట్టెలు లేవు. నాన్న మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అమ్మ ఒకే మాట అంది: "మామిళ్ళ జోలికి రాకు."

నాలుగోసారి అడగలేదు. ఒక పొద్దున మేం పువ్వులు కోస్తుంటే పైనుంచి గొడ్డలి చప్పుడు వినబడింది. పువ్వు కోసేది తెల్లవారుజామునే కదా, ఎండెక్కితే వాసన ఎగిరిపోతుంది. అమ్మ చేతులు ఆగాయి. నడుముకి కట్టుకున్న గుడ్డలో పువ్వులు సగం నిండి ఉన్నాయి. అలాగే పైకి నడిచింది. నేనూ, పువ్వులు కోసే ఆడవాళ్ళూ వెనక పరిగెత్తాం. మేం వెళ్ళేసరికి చెట్టు పడిపోయి ఉంది. కాయలతో సహా పడింది. పచ్చి మామిడికాయలు ఊట చుట్టూ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"అడిగితే ఒప్పుకోవు" అన్నాడు నాన్న, మొహం పక్కకి తిప్పుకుని.

"అడిగావు. ఒప్పుకోలేదు. అంటే ఏమిటని అర్థం?"

"బట్టీ చల్లారితే ఏం తింటాం మొయినా? పూతకాలంలో మా నాన్న ఒక్కరోజు బట్టీ ఆర్పలేదు. నేను ఆర్పుతానా? ముత్సముదు రేవు నుంచి వ్యాపారి వస్తానన్నాడు, మాటిచ్చాను."

"ఈ పైన ఇరవై చెట్లుండేవి. మీ నాన్న, నువ్వూ కలిసి పదమూడు మింగారు. ఇవి మింగితే తర్వాత ఏం మింగుతావు? నా ఇంటి తలుపులా?"

"ఇంకో రెండు కొడితే ఈ పూతకాలం గట్టెక్కుతుంది."

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. "రెండో చెట్టు మీద నీ గొడ్డలి పడిందంటే, ఆ మాట నువ్వు అనక్కర్లేదు, నేనే కాజీ దగ్గరికెళ్ళి అడుగుతాను" అంది. ఆ మాట అంటే తలాక్.

నాన్న ఇంటికొచ్చి పెట్టె సర్దుకున్నాడు. ఆయన కోపం ఆయనది. నలుగురిలో ఆడదాని చేత అనిపించుకున్నానని.

*

ఆ సాయంత్రం అమ్మ ఇల్లు ఊడుస్తూ ఆగింది. గోడ మేకుకి నాన్న టోపీ వేలాడుతోంది. అమ్మ కుట్టిన టోపీ. తెల్లగుడ్డ మీద సూది మొనంత రంధ్రాలు పొడిచి, చుట్టూ దారం తిప్పి, రెండు వర్షాకాలాలు కుట్టింది పెళ్ళికి ముందు. శుక్రవారం నమాజుకి తప్ప నాన్న దాన్ని ముట్టడు.

"మరిచిపోయాడా, వదిలేసిపోయాడా?" అన్నాను.

"నాకేం తెలుసు" అంది అమ్మ. తర్వాత దాన్ని తీసి, సబ్బుతో ఉతికి, గంజి పెట్టి, బోర్లించిన గిన్నె మీద ఆరేసింది. ఆరాక మళ్ళీ అదే మేకుకి తగిలించింది. ఆ రోజు గురువారం.

మొదటి శుక్రవారం నాన్న మసీదుకి తాత పాత టోపీతో వెళ్ళాడు. తాత తల చిన్నది. ఆ టోపీ నాన్న నడినెత్తిన చిప్పలా కూర్చుంది. సజ్దాలో నుదురు నేలకి ఆనించినప్పుడల్లా ఊడి ముందు వరుసలోకి దొర్లిందట. పెద్దవాళ్ళు నవ్వు ఆపుకోలేక దగ్గారట. ఇదంతా మాకు చెప్పింది జరియాతు. జరియాతు అమ్మకి చిన్ననాటి నేస్తం, పువ్వులు కోసే ఆడవాళ్ళలో నోరున్న మనిషి. చెబుతూ చెబుతూ కడుపు పట్టుకుంది.

"నవ్వకే" అంది అమ్మ.

"నువ్వు నవ్వడం లేదూ?"

"నేను దగ్గుతున్నాను."

అప్పటిదాకా నా గుండెల మీద ఏదో బరువు కూర్చుని ఉండేది. అమ్మ అలా దగ్గడం చూశాక కొంచెం ఊపిరాడింది.

కానీ పరిస్థితి నవ్వులాట కాదు. ఊట సన్నబడిపోయింది. గొట్టంలోకి పోయేది పోగా కుండకి దక్కేది వేలెడు ధార. తెల్లవారుజామున ఊట దగ్గర కూర్చుంటేనే నీళ్ళు. తెల్లవారుజామున చెట్టు దగ్గర ఉంటేనే పువ్వులు. రెండూ ఒకే వేళ. మొదటి రెండు రోజులు ఆడవాళ్ళు అటూ ఇటూ పరిగెత్తారు. మూడో రోజు అమ్మ ఊట పక్కన కుండ దించి కూర్చుంది.

"ముందు నీళ్ళు. పువ్వుల సంగతి తర్వాత."

"ఫుంది బట్టీ?" అన్నారెవరో.

"బట్టీకి దాహమేస్తే అదే వచ్చి వరసలో నిలబడుతుంది" అంది జరియాతు.

అంతే. దాన్ని సమ్మె అన్నారు తర్వాత, ఊళ్ళో మగవాళ్ళు. మేం ఏమీ అనలేదు. మాకు కుండలు నిండాలి. అమ్మ సత్తుగ్లాసుతో పట్టి పోస్తుండేది, ఒకరి తర్వాత ఒకరికి, ఎవరికీ ఎక్కువ తక్కువ లేకుండా. ఎండెక్కేసరికి పదీ పన్నెండు కుండలు. అప్పుడు చెట్ల దగ్గరికి పోతే పువ్వు వాడిపోయి ఉండేది. కొయ్యని పువ్వు రాలింది. చెట్ల కింద పసుపు చాప పరిచినట్టు రాలింది. కుళ్ళిన ఇలాంగు వాసన మీరు ఎరగరు. తీపి ఎక్కువై తలనొప్పి తెప్పిస్తుంది, అన్నం ముద్దలోకి కూడా వస్తుంది. అదే మా తిండి మా కళ్ళముందు నేలపాలు. ఆ నెల మేం ఉడికించిన అరటికాయలూ ఎండుచేపా తప్ప వేరే ఏమీ తినలేదు. అమ్మ ముద్ద నములుతూ మేకు వైపు చూసేది. నేను చూస్తున్నానని తెలిస్తే కళ్ళు దించేసేది.

నాన్న పై ఊరి నుంచి మనుషుల్ని తెచ్చుకున్నాడు. వాళ్ళకి పువ్వు తెలియదు. నిండు పసుపు తేలి, నడిమధ్య ఎర్రచుక్క దిద్దుకున్నదాన్నే కొయ్యాలి. వాళ్ళు పచ్చివీ పండువీ కలిపి దూసేశారు. నూనె గడ్డివాసన కొట్టింది. వ్యాపారి సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేసి, నాన్న మొహం వైపు చూసి జాలిపడ్డాడట. మా నాన్న నూనెని చూసి జాలిపడిన మొదటివాడు అతనే.

*

నాలుగో గురువారం నాయనమ్మ వచ్చింది. కర్ర ఠకఠకలాడించుకుంటూ, గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏమే మొయినా, నీ మొగుణ్ణి నా నెత్తిన పడేసి హాయిగా కూర్చున్నావా?"

"కూర్చోండి అత్తా. మీ కొడుకే కదా."

"కొడుకే. కొడుకని పాతికేళ్ళ కింద నీకు అప్పజెప్పాను. మళ్ళీ వాపసు తీసుకునే వయసా నాది? పొద్దున లేస్తే టీలో పంచదార తక్కువంటాడు. పడుకుంటే గురక. నా మేక పాలివ్వడం మానేసింది వాడి గురకకి."

నేను పమిటలో మొహం దాచుకున్నాను. అమ్మ కదల్లేదు.

"ఇంతకీ ఎందుకొచ్చానంటే" అని నాయనమ్మ గోడ వైపు చూసింది, "ఆ టోపీ ఇటియ్యి. శుక్రవారం శుక్రవారం నా కొడుకు మసీదులో నవ్వులపాలవుతున్నాడు. వాడి టోపీ వాడికి పంపిస్తే నీ సొమ్మేం పోయింది?"

అమ్మ లేచింది. ఆ టోపీ గడప దాటిందంటే ఇక ఆ ఇంట్లో నాన్నదంటూ ఏమీ మిగలదు. నాయనమ్మకీ ఆ సంగతి తెలుసు. అడుగుతోందే గాని ఆవిడ కళ్ళు అమ్మ చేతుల మీదే ఉన్నాయి.

అమ్మ మేకు దాకా వెళ్ళి, టోపీ మీద లేని దుమ్ము దులిపి, అక్కడే వదిలేసింది.

"కావాలంటే వచ్చి తీసుకోమనండి."

"పంపించవూ?"

"పంపించను."

"మొండిదానా" అంది నాయనమ్మ. కానీ కర్ర పట్టుకుని లేస్తున్నప్పుడు ఆవిడ మొహం వచ్చినప్పటికంటే తేటగా ఉంది. గుమ్మం దాటాక నన్ను దగ్గరికి పిలిచి చెవిలో అంది: "ఇచ్చేస్తుందేమోనని చచ్చిపోయాననుకో."

*

ఐదోవారంలో, బుధవారం అనుకుంటాను, నాన్నని చూడబుద్ధేసి బట్టీ దగ్గరికి వెళ్ళాను. పై ఊరి మనుషులు అప్పటికే వదిలేసి పోయారు. ఆయనొక్కడే ఉన్నాడు. కాగు పొయ్యి మీద ఉంది, వాయి సగంలో ఉంది. నాన్న చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"అమ్మ పంపిందా?"

"లేదు. నేనే వచ్చాను."

"ఊఁ" అన్నాడు. ఆశ పడ్డాడని నాకు తెలిసిపోయింది.

"ఇలా రా, ఈ తొట్టిలో చెయ్యి పెట్టు" అన్నాడు.

పెట్టాను. చిన్నప్పుడు ఆ తొట్టిలో చెయ్యి పెడితే జివ్వుమనేది, ఎముకల దాకా చలి పాకేది. ఇప్పుడు నీళ్ళు పసిపిల్లకి పోసే స్నానంనీళ్ళలా ఉన్నాయి. ఆవిరి చల్లబడటం లేదు. గొట్టం చివర్నుంచి బుసబుసమంటూ గాలిలోకి పోతోంది. దీవి మొత్తంలోకెల్లా మేలైన నూనె అలా ఉత్తి వాసనై పోతోంది.

"ఊట గొట్టంలో వచ్చే ధార చాలడం లేదు" అన్నాడు. "ఊటలో ఏమాత్రం వస్తోంది?"

"మధ్యాహ్నం జొహర్ అజాన్‌కి పెట్టిన కుండ సాయంత్రం అసర్ అజాన్‌కి నిండుతోంది."

"ఒక్క కుండా?"

"ఒక్క కుండే."

ఆయన నావైపు చూడలేదు. పొయ్యి పక్కన కట్టెలు నాలుగే మిగిలి ఉన్నాయి. వాయి పూర్తవ్వాలంటే ఇంకా పది గంటల మంట కావాలి. వాయి మధ్యలో మంట ఆర్పిన ఫుంది మా వంశంలో లేడు. ఆ సంగతి ఆయనకి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. నాన్న లేచి గోడకి ఆనించిన గొడ్డలి అందుకున్నాడు.

"నాన్నా, వద్దు."

"నువ్వు ఇంటికి పో సిత్రాతీ."

పోలేదు. ఆయన ముందూ నేను వెనకా కొండెక్కాం. రెండో చెట్టు మీద గొడ్డలి పడితే అమ్మ అన్నంత పనీ చేస్తుంది. అమ్మ మాట తప్పడం నేను ఎన్నడూ చూడలేదు. కాజీ ఇంటి మెట్లు, అమ్మ నెత్తిన ముసుగు, నాన్న వంచిన తల, అన్నీ కళ్ళకి కట్టాయి. దారిలో వంగిన ప్రతి ఇలాంగు కొమ్మా మొహానికి తగులుతుంటే తోసుకుంటూ నడిచాను.

ఊట దగ్గర పదిహేనుమంది ఆడవాళ్ళు కుండలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పసిపిల్లలు ఒళ్ళో నిద్రపోతున్నారు. మధ్యలో అమ్మ. గ్లాసు ధార కింద పట్టుకుని ఉంది. గొడ్డలితో వచ్చిన మనిషిని చూసి అందరూ నోళ్ళు మూసుకున్నారు. అమ్మ తలెత్తలేదు. గ్లాసు సగం కూడా నిండలేదు.

జరియాతు ఒక్కతే నోరు విప్పింది. "ఏం ఫుందీ, కుండ తెచ్చుకోలేదే?"

ఎవరూ నవ్వలేదు. నాన్న నరికేసిన చెట్టు మొద్దు దగ్గర నిలబడ్డాడు. మొద్దు అంచున ఎర్రటి లేతచిగురు వచ్చి ఉంది. గ్లాసులోకి పడుతున్న ధార వైపు చాలాసేపు చూశాడు. గ్లాసు నిండింది. అమ్మ దాన్ని ముందున్న ముసలావిడ కుండలో ఒంపి, మళ్ళీ ధార కింద పెట్టింది.

నాన్న వంగాడు. చెట్టు దగ్గర కాదు, ఊట మొదట్లో. తాత కాలం నుంచి రాళ్ళ మధ్య బిగించిన బట్టీ గొట్టాన్ని రెండు చేతులతో పట్టి లాగాడు. రాలేదు. గొడ్డలి కామతో రాళ్ళు కదిలించి మళ్ళీ లాగాడు. గొట్టం ఊడి వచ్చింది. దాన్ని పక్కన పడేసి, గొడ్డలి భుజాన వేసుకుని, కొండ దిగిపోయాడు.

అమ్మ చేతిలో గ్లాసు ఒక్కసారిగా నిండి పొర్లింది. అమ్మ చెయ్యి తడిసింది. "పొర్లిపోతోంది, ఇంకో కుండ జరపండే" అంది, గొంతు మామూలుగానే ఉంది. పొర్లుతున్న గ్లాసుని ధార కిందనుంచి తియ్యడం మాత్రం మరిచిపోయింది.

నేను కిందికి పరిగెత్తాను. నాన్న పొయ్యిలోంచి మండుతున్న కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి ఇసుకలో పొడుస్తున్నాడు. కాగు లోపల బుడబుడమని కొంచెంసేపు చప్పుడొచ్చింది. తర్వాత ఆగిపోయింది. నాకు ఊహ తెలిశాక బట్టీ దగ్గర చప్పుడు లేకపోవడం అదే మొదలు.

"ఏడుస్తావెందుకే పిచ్చిదానా?" అన్నాడు నాన్న.

"సంతోషంతో" అన్నాను. నిజమే చెప్పాను.

*

మర్నాడే పొయ్యి పగలగొట్టాడు. ఆ తెరిచిన పొయ్యిలో సగం మంట ఆకాశానికే పోతుందని అమ్మ పెళ్ళయిన కొత్తలోనే అందట, అప్పుడు వినిపించుకోలేదట. అవతలి తీరం నుంచి సొయిలిహి అనే తాపీమేస్త్రీని తీసుకొచ్చాడు. ఇద్దరూ రాయీ మట్టీ కలిపి, చుట్టూ మూసేసి, చిన్న నోరూ పొడుగాటి పొగగొట్టం పెట్టి కొత్త పొయ్యి కట్టారు. ఇలాంగు చెట్ల కత్తిరింపులూ, ఎండు కొబ్బరి డొక్కలూ, కొబ్బరి మట్టలూ, ఇదే దాని తిండి. మండుతుందా మండదా అని ఊరంతా వచ్చి చూసింది. పాత పొయ్యి తిన్నదాంట్లో సగం కూడా తినకుండానే మండింది. సొయిలిహి మీసం దువ్వుకున్నాడు. నాన్న మాత్రం ఎవరి మెప్పూ వినడం లేదు, పైకి, ఊట వైపు చూస్తున్నాడు.

ఆ వారంలోనే వాన పడింది. పడటం అంటే ఆ పడటం కాదు, రేకులు ఊడిపోతాయేమో అన్నంత. ఆడవాళ్ళం వీధిలోకి వచ్చి నిలబడి తడిశాం. గంధం కారి మొహాలన్నీ చారలు చారలయ్యాయి. ఇంకో నాలుగు పొద్దులకి ఊటకి వెనకటి గొంతు వచ్చింది, బట్టీ తొట్టికి వాగు నీళ్ళే చాలాయి. తెల్లారి లేవగానే కుండలు నింపి, ఎండెక్కేలోపు పువ్వులూ కోశాం. ఆ పువ్వులు ఏ బట్టీకి మోసుకెళ్ళాలని ఎవరూ అడగలేదు. అమ్మ ముందు నడిచింది, నాన్న బట్టీ ముందు బుట్ట దించింది, ఆయనతో మాట్లాడకుండా వచ్చేసింది. ఆయనా మాట్లాడలేదు. ఇద్దరికీ నోళ్ళు కుట్టేశారేమో అని జరియాతు గొణిగింది.

ఏడో శుక్రవారం. పొద్దున తొమ్మిదవుతోంది. అమ్మ ముందురోజే టోపీకి గంజి పెట్టింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. బయట అడుగుల చప్పుడైంది. ఆగింది. తర్వాత గొంతు సవరించుకుని ఎవరో అన్నారు:

"హోదీ."

అది పరాయి ఇంటి గుమ్మంలో లోపలికి రావచ్చా అని అడిగే పిలుపు. పాతికేళ్ళు ఆ గుమ్మంలో చెప్పులు విసిరేసి "నీళ్ళివ్వండే" అని అరుచుకుంటూ వచ్చిన మనిషి, "హోదీ" అంటున్నాడు. నేను లేవబోతే అమ్మ చేత్తో ఆపింది.

"ఎవరూ?"

"నేను."

"నేనంటే?"

"హుమాదీని."

అమ్మ పెదవి కొరుక్కుంది. "ఏం పని మీద వచ్చావు?"

"టోపీ కోసం. ఇవాళ శుక్రవారం కదా."

"మేకుకే ఉంది."

మేకు లోపలి గోడకి ఉంది. దాన్ని అందుకోవాలంటే గడప దాటాలి. ఆయన దాటాడు. తల వంచుకుని వచ్చి, టోపీ తీసి, రెండు చేతులతో తల మీద సర్దుకున్నాడు. ఆ ఏడు వారాల్లో ఆయన మొహం ఆయన మొహంలా కనబడటం అప్పుడే.

అమ్మ ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. "ఇంత ఎండలో రెండు చొక్కాలేమిటి, ఒకదాని మీద ఒకటి?"

"ఉన్నాయని వేసుకున్నా."

"బయట ఏమిటది?"

"పెట్టె."

"పెట్టె ఎండలో ఎందుకు? సిత్రాతీ, లోపల పెట్టు."

నేను ఒక్క గంతులో బయటికి వచ్చాను. పెట్టె ఎత్తబోతే కదల్లేదు. బండరాయిలా ఉంది. అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి. మూత తీశాను. బట్టలు లేవు. కొబ్బరి డొక్కల్లో తడిమట్టి పోసి మామిడి మొక్కలు. వేలెడేసి, ఎర్రటి లేతాకులతో, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. పద్దెనిమిదో ఇరవయ్యో. ఆ రోజు ఊట చుట్టూ చెల్లాచెదురైన కాయల్లో ముదిరినవన్నీ ఏరుకుపోయి, టెంకలు పాతి, నాయనమ్మ పెరట్లో మొలకెత్తించాడు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొక్కల్ని చూసింది. ఆయన వైపు తిరిగింది.

"మరి నీ బట్టలేవి?"

నాన్న టోపీ సర్దుకున్నాడు, సర్దుకోవడానికి ఏమీ లేకపోయినా. "అమ్మ దగ్గరే ఉన్నాయి. రానిస్తావో రానివ్వవో అని... మొక్కల్నైతే ఎలాగూ కాదనవు అనుకున్నా. నన్ను పొమ్మన్నా అవి ఉంటాయి కదా."

అమ్మ అప్పుడు నవ్వింది. దగ్గు కాదు, నవ్వే. తలుపు చెక్కకి ఆనుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాన్నకి ఏం చెయ్యాలో తెలియలేదు, తనూ నవ్వేశాడు. నాకు ఆ ఏడు వారాల బరువూ ఒక్కసారిగా దిగిపోయి, అక్కడే పెట్టె పక్కన చతికిలబడ్డాను.

"కూర్చున్నావేమే?" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "పరిగెత్తు. నాయనమ్మ దగ్గర మీ నాన్న బట్టలున్నాయి, పట్టుకురా."

పరిగెత్తాను. వీధి మలుపు తిరిగేసరికి నాయనమ్మ ఇల్లు కనబడింది. ఆవిడ అప్పటికే నాన్న బట్టలన్నీ మూటగట్టి, గుమ్మంలో పెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా దాని మీదే కూర్చుని ఉంది.

"ఇంతసేపా?" అంది.